ఖాళీ గడి

గడి ఖాళీగా ఉండకూడదు. జనీన్ యాక్రాయిడ్ ఇరవై నాలుగో ఏట ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్చుకున్న పాఠం అది. పందొమ్మిదేళ్ళు ఒక్క రోజు కూడా తప్పకుండా పాటించింది. చివరికి ఆమె కొంప ముంచింది కూడా అదే.

ఉద్యోగం హాలిఫాక్స్ ఊరి పైన, కొండ మీద, ఓ చిన్నపిల్లల బడి వంటింట్లో. రోజూ రెండొందల ఎనభై మందికి మధ్యాహ్న భోజనం. పెద్ద వంటావిడ మో సగ్డెన్. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, గరిటె తిప్పుతూనే నలుగురికి పని పురమాయించగల మనిషి. వంటింట్లో ఫ్రిజ్‌లు రెండు, ఒక్కోదాని తలుపు మీద ఒక్కో కాగితం. పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి, లోపల ఎన్ని డిగ్రీలుందో చూసి ఆ కాగితంలో గడి నింపాలి. అయిదు దాటితే లోపలి సరుకంతా పారబోసి పైవాళ్ళకి ఫోన్ చెయ్యాలి. చెప్పడానికి ఎంత సులువో. పొద్దున్నే బంగాళాదుంపల బస్తాలతో కుస్తీ పడుతున్నవాళ్ళకి కళ్ళజోడు వెతుక్కుని అంకె చూసే తీరిక ఎక్కడిది? అందుకని శుక్రవారం పని అయ్యాక టీ తాగుతూ వారం మొత్తానికి ఒకేసారి నింపేసేవాళ్ళు.

"మూడు, నాలుగు, మూడు, నాలుగు అని వరసగా రాయకే పిల్లా, పాట పాడినట్టుంటుంది," అని మో నేర్పింది. "మధ్యలో ఓ మూడున్నర పడెయ్. అప్పుడు నిజంలా ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడంటే అంకెలు చూడడు. ఖాళీ ఉందా అని చూస్తాడు. ఒక్క గడి ఖాళీగా కనిపించిందా, మన పని అయిపోయిందే."

మో అబద్ధాలకోరు కాదు. పిల్లల పళ్ళెంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూట ఆమెకి తిండి సయించేది కాదు. వంట వేరు, కాగితం వేరు అనుకునే మనిషి, అంతే. జనీన్ కూడా అలాగే అనుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె చేతికి ఎంత వాటం వచ్చిందంటే, కబుర్లు చెబుతూ పది గడులు నింపేసేది. ఒక్క అంకె కూడా అనుమానించేలా ఉండేది కాదు.

ఆమెకి ఫిజిక్స్ పిచ్చి పట్టింది కూడా ఆ ఫ్రిజ్ దగ్గరే, ముప్పై తొమ్మిదో ఏట. రెండో నంబరు ఫ్రిజ్ బాగుచెయ్యడానికి ఓ మెకానిక్ వచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి చూస్తుంటే ఈమె పక్కన చతికిలబడి అడిగింది, "లోపలికి చల్లదనం ఎక్కడినుంచి వస్తుందండీ?" అని.

అతను నవ్వాడు. "చల్లదనం అని ఒకటి లేదు తల్లీ. లోపలున్న వేడిని ఇది బయటికి తోడి పోస్తుంది. కావాలంటే వెనక చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. వెచ్చగా ఉంది. పాలలోంచి, వెన్నలోంచి, కోడిమాంసంలోంచి తోడిన వేడి అంతా ఇన్నాళ్ళూ గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య ఈ సందులోకి వస్తోందన్నమాట. ఆమెకి ఒళ్ళు జల్లుమంది. ఆ మధ్యాహ్నం పిల్లల పళ్ళేల్లో గ్రేవీ పోస్తూ కూడా అదే ధ్యాస. ఆవిరి ఎక్కడికి పోతుంది? పోయింది మళ్ళీ వెనక్కి ఎందుకు రాదు?

మెకానిక్ ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. తలుపు రబ్బరు పోయి చాలా నెలలై ఉంటుందని, ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారని. ఆ మాట ఆమె చెవిన పడింది కానీ మనసులోకి రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదో తర్వాత చెప్పుకుందాం.

పదహారేళ్ళకే చదువు మానేసిన మనిషి. మొగుడు వదిలేసి బ్లాక్‌పూల్ పోయాక ఒంటరిగా ఉంటోంది. నాలుగేళ్ళు లైబ్రరీ పుస్తకాలతో కుస్తీ పట్టింది. మూడో పేజీకల్లా లెక్కలు అడ్డం వచ్చేవి, పుస్తకం మూసేసేది, మర్నాడు మళ్ళీ తెరిచేది. అప్పుడు తెలిసింది, రైల్లో నలభై నిమిషాల దూరాన ఉన్న ఓ యూనివర్సిటీలో తనలాంటివాళ్ళకి ఫౌండేషన్ ఇయర్ అని ఒక ఏడాది ఉందని. ఆ ఏడాది గట్టెక్కితే అసలు ఫిజిక్స్ డిగ్రీలోకి తీసుకుంటారు. షరతు ఒక్కటే: లెక్కలు, ఫిజిక్స్, ల్యాబ్, మూడింటిలోనూ వందకి అరవై రావాలి. ఒక్కదాంట్లో తగ్గినా ఏడాదంతా గంగలో కలిసినట్టే. పునాది తవ్వి వదిలేసిన గొయ్యి తప్ప చేతిలో ఏ పట్టా ఉండదు.

"నీకేమన్నా మతి పోయిందా?" అంది మో. "నలభై మూడేళ్ళ వయసులో పాలబుగ్గల పిల్లల పక్కన కూచుంటావా? సరే, పో, ప్రొఫెసరమ్మా. నీ ఏప్రన్ మేకుకే ఉంచుతాలే." ఆఖరి రోజున కేకు చేసింది. దాని మీద అందరికీ తెలిసిన ఆ ఒకే ఒక్క ఫిజిక్స్ సూత్రాన్ని ఐసింగ్‌తో రాసి, పైన వెయ్యాల్సిన చిన్న రెండు వెయ్యడం మరిచిపోయింది.

అక్టోబరులో నరకం మొదలైంది. క్లాసు నిండా పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళవాళ్ళు. లాగరిథమ్ అన్నది వాళ్ళకి ఎప్పుడో విని మర్చిపోయిన మాట, ఈమెకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వింటున్న మాట. ఆ తేడా ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పాఠం చెప్పే డాక్టర్ రియానన్ ప్యూ వేల్స్ మనిషి, ముప్పై రెండేళ్ళు ఉంటాయేమో. "నన్ను రియానన్ అంటే చాలు," అని మొదటిరోజే చెప్పింది. జనీన్‌కి నోరు రాలేదు. పందొమ్మిదేళ్ళు పిల్లలు తనని "మిస్, ఇంకొన్ని చిప్స్, మిస్" అని పిలిచారు. ఇప్పుడు తను బడిపిల్లలా చెయ్యెత్తి "మిస్" అనేసరికి క్లాసంతా కిసుక్కుమంది.

మొదటి లెక్కల పరీక్షలో ఇరవై ఎనిమిది వచ్చాయి. రెండో దాంట్లో నలభై నాలుగు. ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌లో బెంచీ మీద కూలబడి, తను ఎక్కాల్సిన రైళ్ళు రెండు వెళ్ళిపోతుంటే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో స్నానాలగది తలుపు నిండా సూత్రాలు అంటించింది. వండుకోవడం మానేసి రొట్టెముక్క మీద డబ్బా బీన్స్ పోసుకుని తినేది, అదీ పుస్తకం మీద ఒలకబోసుకుంటూ. అర్థమైనట్టే ఉంటుంది, చెయ్యబోతే చేతిలోంచి జారిపోతుంది. నేను మట్టిబుర్రని, అందరికీ తెలిసిపోయింది, నాకే ఆలస్యంగా తెలిసింది అని రోజుకి పదిసార్లు అనుకునేది. ఒక్కటే భయం. ఇది పోతే ఇక ఇంకోటి లేదు. ఈ వయసులో రెండో పునాది ఎవరూ తవ్వనివ్వరు.

స్టేషన్‌కి వెళ్ళే బస్సు హోల్‌రాయిడ్ మాంసం కొట్టు ముందు ఆగేది. ఆ కొట్టు మూతపడి మూడేళ్ళయింది. కిటికీలో పింగాణీ పంది బొమ్మ మాత్రం దుమ్ము కొట్టుకుపోయి అలాగే ఉంది. దారి పొడుగునా బయటికి చూసే జనీన్ ఆ స్టాపు వచ్చేసరికి మాత్రం నోట్సులోకి తల దూర్చేసేది.

ఆమెకి కాస్త ఊపిరాడేది ల్యాబ్‌లోనే. ల్యాబ్‌లో ఎప్పుడూ డెబ్బైకి తగ్గలేదు. జతగా పనిచేసే ఫ్రేయా పద్దెనిమిదేళ్ళ పిల్ల. లెక్కల్లో చురుకు, చేతిపనిలో బద్ధకం. "నీ పట్టికలు చూస్తే ముద్దొస్తాయి జనీన్," అనేది. "ఒక్క కొట్టివేత ఉండదు. ఎలా రాస్తావు?" జనీన్ మురిసిపోయేది. ఏడాది మొత్తంలో ఆమెని మెచ్చుకున్న మాట అదొక్కటే.

మార్చి నెలలో ఓ సోమవారం చల్లార్చే ప్రయోగం చేశారు. డబ్బాలో వేడినీళ్ళు పోసి, నిమిషానికోసారి ఎన్ని డిగ్రీలుందో నలభై నిమిషాలపాటు రాయాలి. గదిలో పది బల్లలు, పది డబ్బాలు, గడియారం అందరికీ ఒకటే. పావుగంట గడిచిందో లేదో, డాక్టర్ ప్యూ మధ్యలో నించుని, వచ్చిన అంకెల్ని లాగరిథమ్‌లుగా మార్చి గ్రాఫ్ గీయాలని గుర్తుచేసింది. ఆ మాటకి జనీన్ పెన్ను కింద పెట్టేసింది. "ఓ నాలుగు నిమిషాలు నువ్వు చూడవే," అని ఫ్రేయాకి చెప్పి బయటికి పరిగెత్తింది. టాయ్‌లెట్‌లో తలుపు గడియ పెట్టుకుని, నోట్లో స్వెటర్ చెయ్యి కుక్కుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చేసరికి నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి.

"అయ్యో, నువ్వు నాకు చెప్పావా?" అంది ఫ్రేయా చెవుల్లోంచి పాటల వైర్లు తీస్తూ. "వినపడలేదు జనీన్. ఇప్పుడెలా?"

"ఏం కాదులే, నేను చూసుకుంటా. నువ్వు గడియారం చూస్తూ ఉండు."

కూర్చుంది. పెన్ను తీసింది. ఆఖరి అంకె యాభై ఎనిమిది పాయింట్ నాలుగు. అంతవరకూ నిమిషానికి అరడిగ్రీ పైచిలుకు తగ్గుతోంది. యాభై ఏడు పాయింట్ ఎనిమిది, యాభై ఏడు పాయింట్ మూడు, యాభై ఆరు పాయింట్ ఏడు, యాభై ఆరు పాయింట్ రెండు. ఆ ఏడాది మొత్తంలో ఆమె తడుముకోకుండా, ఎవర్నీ అడక్కుండా, ధీమాగా చేసిన పని అదొక్కటే. తప్పు చేస్తున్నానన్న ఆలోచనే రాలేదు. ఖాళీ గడి చూసింది, నింపింది. తర్వాతి నిమిషం థర్మామీటర్ చూస్తే యాభై మూడు పాయింట్ తొమ్మిది. ఇదేంటి ఇంత దిగింది అనుకుంది. అంతలో ఫ్రేయా "టైమ్" అంది, ఆ తర్వాతి గడి పిలిచింది.

రెండు వారాలకి డాక్టర్ ప్యూ తన గదికి రమ్మంది. బల్ల మీద పది గ్రాఫ్‌లు పరిచి ఉన్నాయి.

"కూర్చోండి జనీన్. ఆ రోజు గది ఉక్కగా ఉందని నేను పదిహేడో నిమిషంలో కిటికీలు తెరిచాను. తొమ్మిది బల్లల నీళ్ళకి అది తెలిసింది. ఇదిగో, ఇక్కణ్ణుంచి అందరి గీతలూ కిందికి వంగాయి. మీ గీత నాలుగు నిమిషాలపాటు చక్కగా తన దారిన తను పోయి, ఆ తర్వాత ఒక్కసారి మెట్టు దిగినట్టు దిగింది." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే జనీన్‌కి ఎక్కువ భయం వేసింది. "ఆ నాలుగు నిమిషాలు మీరు ఏం చూశారు?"

జనీన్ తన గ్రాఫ్ వంక చూసింది. "నేను... బయటికెళ్ళాను మిస్. వచ్చి నింపేశాను. ఫ్రేయాకి ఏమీ తెలీదు."

"ఖాళీగా వదిలేస్తే మీకు ఒక్క మార్కు కూడా పోయేది కాదు. చూడలేదు అని రాస్తే సరిపోయేది."

"ఖాళీగానా?" అంది జనీన్. నిజంగానే అర్థం కాక అడిగింది. "ఖాళీగా ఎలా వదుల్తామండీ?"

డాక్టర్ ప్యూ గ్రాఫ్‌లో ఆ నాలుగు చుక్కల మీద వేలు పెట్టింది. "అంకె రాశారంటే నేను చూశాను అని సాక్ష్యం చెప్పినట్టు. ఇక్కడ మనకున్నది అదొక్కటే." తర్వాత గొంతు తగ్గించింది. "ఇది విచారణ కమిటీకి పంపక తప్పదు నాకు. ఒత్తిడిలో ఒకే ఒక్కసారి జరిగిందంటే ఆ ఒక్క రిపోర్టుకి సున్నా వేసి వదిలేస్తారు. అప్పుడు కూడా మీకు ల్యాబ్‌లో అరవై దాటుతుంది, నేను కూడి చూశాను. ఇంతకంటే నేను చెప్పకూడదు."

ఆ మధ్యాహ్నం జనీన్ తిన్నగా బడి వంటింటికి వెళ్ళింది. మో పెనాలు తోముతోంది. విషయం విని చెయ్యి తుడుచుకుంది.

"ఓస్, ఇంతేనా? నేను చూసే రాశాను, థర్మామీటర్ పాడైందేమో అను. ఎవడు నిరూపిస్తాడు?"

"డాక్టర్ ప్యూ తొమ్మిది గ్రాఫ్‌లు పక్కన పెట్టి చూపించింది, మో."

"అయితే ఆ ప్యూ అమ్మాయి చెప్పినట్టు మొదటిసారి అని చెప్పి ఏడువు. మనం పందొమ్మిదేళ్ళు నింపాం, ఎవరికేం నష్టం జరిగింది?"

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. మో కుళాయి తిప్పింది, అవసరం లేకపోయినా.

దాదాపు అయిదేళ్ళ కిందట, జూన్‌లో, పదకొండు మంది పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. ఓ చిన్నపిల్ల రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. హోల్‌రాయిడ్ కొట్టు నుంచి తెచ్చిన కోడిమాంసమే కారణమని తేలింది. అది కొట్లోనే చెడిందా, బడి ఫ్రిజ్‌లో చెడిందా అని అధికారులు రెండు చోట్లా కాగితాలు తీశారు. ఆల్విన్ హోల్‌రాయిడ్ ఫ్రిజ్ పుస్తకంలో రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండు రోజులూ పెళ్ళాన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళాడు, చూడలేదు, అందుకని రాయలేదు. బడి కాగితం మీద ఒక్క ఖాళీ లేదు. మూడు, నాలుగు, మూడున్నర, నాలుగు. జనీన్ చేతిరాత. అధికారులు కాగితాన్ని నమ్మారు. హాలిఫాక్స్ లోయలో ఏ బడీ ఆ తర్వాత హోల్‌రాయిడ్ దగ్గర మాంసం కొనలేదు. ఏడాది తిరక్కుండా కొట్టు మూతపడింది. ఆ శరత్కాలంలోనే మెకానిక్ వచ్చి, తలుపు రబ్బరు పోయి చాలా నెలలైందన్నాడు. జనీన్ వేడి సంగతి విని మురిసింది, రబ్బరు సంగతి మింగేసింది. దొంగతనం చేసినవాడికి కూడా నిద్ర పట్టని రోజు ఒకటుంటుంది. మంచివాళ్ళమనుకునే మనబోటివాళ్ళు మాత్రం హాయిగా నిద్రపోతాం.

మేలో లెక్కల ఆఖరి పరీక్ష ఫలితం వచ్చింది. అరవై రెండు. జనీన్ ఆ అంకెని మూడుసార్లు చదివి, ఫోన్ ఛాతీకి హత్తుకుని వంటింటి నేల మీద కూర్చుండిపోయింది. ఫిజిక్స్‌లో అరవై అయిదు. ఇక మిగిలింది విచారణ కమిటీ, ఒకే ఒక్క వాక్యం. ఒత్తిడిలో ఉన్నాను, ఇదే మొదటిసారి. అద్దం ముందు పదేపదే చెప్పుకుంది. యూనివర్సిటీకి సంబంధించినంతవరకు అది నిజమే కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

విచారణ రోజు పొద్దున బస్సు ఆ కొట్టు ముందు ఆగింది. హోల్‌రాయిడ్ ఎక్కాడు. ఇప్పుడు ఏదో గిడ్డంగిలో పని చేస్తున్నాడు, ఒంటి మీద మెరిసే పసుపు కోటు. జనీన్ తల దించుకునేలోపే పక్కన వచ్చి కూర్చున్నాడు.

"యూనివర్సిటీకేనా తల్లీ? మో చెప్పింది. మా ఆవిడ కూడా నీ సంగతే అంటుంటుంది, ఈ వయసులో ఎంత ధైర్యమో అని."

"ఎలా ఉందండీ ఆవిడకి?"

"బానే ఉంది, నా మీద అరిచే ఓపిక వచ్చింది." నవ్వాడు. దిగేటప్పుడు భుజం తట్టాడు. "బాగా చదువు. మన లోయ పేరు నిలబెట్టు."

ఆమెని ఎవరైనా చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

కమిటీలో ముగ్గురున్నారు. అధ్యక్షుడు కెమిస్ట్రీ ప్రొఫెసర్, తెల్లజుట్టు, మర్యాదస్తుడు. డాక్టర్ ప్యూ గోడ పక్కన కూర్చుంది. బల్ల మధ్యలో జనీన్ ల్యాబ్ పుస్తకం ఉంది.

"ఈ నాలుగు అంకెలు మీరు కొలిచినవేనా?"

"కాదండీ."

"మరి ఎందుకు రాశారు?"

"ఒత్తిడిలో ఉన్నానండీ. లెక్కలు అర్థం కాక..."

ఆయన తలాడించాడు. ఏదో రాసుకున్నాడు. గదిలో అందరికీ కాస్త తేలికపడ్డట్టు అనిపించింది. "ఇంకొక్క ప్రశ్న, పద్ధతి ప్రకారం అడగాలి కాబట్టి అడుగుతున్నా. మిగతా ప్రయోగాల్లో ఎప్పుడైనా ఇలా జరిగిందా?"

ఇదే మొదటిసారి. మూడే మాటలు... కాదు, రెండే. అవి నాలుక చివరిదాకా వచ్చాయి. డాక్టర్ ప్యూ ఆమె వైపే చూస్తోంది, చెప్పండి, చెప్పేసి వెళ్ళండి అన్నట్టు.

"ఓసారి పుస్తకం చూడొచ్చా అండీ?" అంది జనీన్.

పుస్తకం ముందుకి తోశారు. అక్టోబరు తెరిచింది. లోలకం ప్రయోగం. ఇరవై అంకెలు, నీలం ఇంకు, ఒక్క కొట్టివేత లేదు. నవంబరు, స్ప్రింగ్ ప్రయోగం. జనవరి, కటకం ప్రయోగం. ఒక్కో గడి మీద వేలు పెట్టి చూసింది. దీన్ని చూసి రాశాను, ఆ రోజు వాన పడుతోంది, గుర్తుంది. మరి దీని పక్కది? స్ప్రింగ్ జారిపోయినప్పుడు తిరిగి కొలిచానా, లేక ఇంతే ఉంటుందిలే అనుకున్నానా? తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. చూసి రాసినదీ చూడకుండా రాసినదీ అక్కచెల్లెళ్ళలా పక్కపక్కన కూర్చున్నాయి.

"జరిగిందండీ," అంది. "ఏవేవో మాత్రం తెలీదు."

"తెలీకపోవడమేమిటి?"

"నా చెయ్యి ఏది చూసి రాసిందో, ఏది ఊరికే రాసిందో నాకే తెలీదండీ. వెతికాను. దొరకడం లేదు." పుస్తకం మూసి వెనక్కి తోసింది. "ఇందులో ఏ అంకె నిజమో నేను చెప్పలేను."

డాక్టర్ ప్యూ కళ్ళు మూసుకుంది. అధ్యక్షుడు పెన్ను కింద పెట్టాడు, కాసేపటికి మళ్ళీ తీసుకున్నాడు.

జూన్‌లో ఉత్తరం వచ్చింది. ల్యాబ్ మొత్తానికి సున్నా. ఆగస్టులో మళ్ళీ రాసుకోవచ్చు, కానీ ఎంత బాగా చేసినా నలభైకి మించి ఇవ్వరు. నలభై అరవై కాదు. ఫిజిక్స్ డిగ్రీలో సీటు లేదు. కింద మర్యాదగా శుభాకాంక్షలు చెప్పారు, అలాంటి ఉత్తరాల్లో తప్పకుండా ఉంటాయి. జనీన్ రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు స్నానాలగదికి వెళ్తే తలుపు నిండా సూత్రాలు. చాలావరకు ఇప్పుడు అర్థమవుతున్నాయి. పీకేద్దామని గోరు పెట్టింది, చేతకాలేదు. అక్కడే తలుపుకి నుదురు ఆనించి, ఇంత కష్టపడి ఇంత దూరం వచ్చి నా చేత్తో నేనే తుడిచేసుకున్నానని వెక్కివెక్కి ఏడ్చింది.

సెప్టెంబరులో ఏప్రన్ మేకుకే ఉంది. మో ఎదురొచ్చి వాటేసుకుంది. ప్రొఫెసరమ్మా అని పిలవలేదు, "రా జనీన్" అంది. ఆ ఎగతాళి లేకపోవడమే ఎక్కువ బాధనిపించింది. కొండ మీద పిల్లలు కొత్తవాళ్ళొచ్చారు. చిప్స్ అవే, గ్రేవీ అదే. పైకి పోయే ఆవిరి ఎక్కడికి పోతోందో ఇప్పుడు ఆమెకి తెలుసు. ఆ సంగతి చెబితే వినేవాళ్ళు అక్కడెవరూ లేరు.

శుక్రవారం పని అయింది. మో టీ పెట్టి, కాగితాలు రెండూ తెచ్చి బల్ల మీద పడేసి పెన్ను ఇటు తోసింది. మొదటి నుంచీ అది జనీన్ పనే. జనీన్ పెన్ను పట్టుకుంది. సోమవారం గడి దగ్గర పెన్ను మొన ఆగింది. లేచి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని రెండు ఫ్రిజ్‌లూ తెరిచి చూసింది. మొదటిదాంట్లో నాలుగు ఉంది. రెండోదాని దగ్గర చాలాసేపు నిలబడింది. వచ్చి కూర్చుని రెండో కాగితంలో శుక్రవారం మధ్యాహ్నం గడిలో తొమ్మిది అని రాసింది.

మో కప్పు దించింది. "ఏంటది?"

"తొమ్మిది ఉంది."

"తలుపు తీసి తీసి ఉంటాం. కాసేపట్లో దిగుతుంది. నాలుగు వెయ్యి."

"ఇప్పుడు తొమ్మిది ఉంది మో."

"రాస్తే ఏమవుతుందో తెలుసా నీకు? సరుకంతా పారబొయ్యాలి. పైవాళ్ళు వస్తారు, పాత కాగితాలన్నీ తీస్తారు. నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళే ఉందే." మో కాగితం మీద వేలు ఆడించింది. "మిగతా గడులో? వారమంతా ఖాళీగా ఉంది. వాటికేం చెబుతావు?"

"చూడలేదుగా. చూడలేదనే చెబుతా."

మో లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచింది. చల్లటి గాలి మొహానికి తగల్లేదు. అంకె చూసింది. ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఇటు తిరగలేదు. ఎప్పుడూ పెద్దగా ఉండే ఆ గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఆల్విన్ కొట్టు గొడవప్పుడు కూడా... ఇలాగే ఉండేదంటావా జనీన్? మన ఫ్రిజ్?"

జనీన్ టెలిఫోన్ తీసి, పైవాళ్ళ నంబరు నొక్కి, ఆమె చేతికి ఇచ్చింది.

"తెలీదు మో," అంది. "మనం చూడలేదు."